మాధవాయిపాలెం బట్ట

ఫ్రెంచి నిఘంటువులో 'మదపోలం' అని ఒక మాట ఉన్నది. స్పెయిను దేశస్థులు దానినే 'మదపోలాన్' అంటారు. పోర్చుగీసువారు తుది అక్షరాన్ని ముక్కుతో పలుకుతారు. ఉచ్చారణ ఎట్లున్నా మూడు భాషలలోను అర్థం ఒక్కటే: గట్టిగా, ఒత్తుగా నేసిన తెల్లని సాదా నూలుబట్ట. చొక్కాలకు, లోదుస్తులకు, దుప్పట్లకు, కుట్టుపని చేసే రుమాళ్లకు దానిని వాడుతూ వచ్చారు. అయితే ఆ మాట ఒక తెలుగు గ్రామం పేరని ఆ బట్టను కత్తిరించి కుట్టినవారిలో ఎందరికి తెలిసి ఉంటుంది? ఆ గ్రామం పశ్చిమ గోదావరి ప్రాంతంలో, వశిష్ఠ గోదావరి సముద్రాన్ని చేరబోయే చోటికి కొంచెం ఎగువన, నరసాపురానికి ఆనుకొని ఉన్నది. దాని పేరు మాధవాయిపాలెం. ఏటికి ఆవలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లికి పోయేవారికి అది రేవుగా పరిచితమే గాని, బట్టగా పరిచితం కాదు.

బట్టలు ఊళ్ల పేర్లు ధరించడం అరుదైన విషయమేమీ కాదు. మలబారు తీరంలోని కోళిక్కోడు పేరు ఇంగ్లీషువారి నోట 'కాలికో' అయి, సాదా నేత నూలుబట్టకు సామాన్యనామంగా స్థిరపడింది. బొంబాయిలోని డోంగ్రీ పేరు ముతక నూలుబట్టకు అంటుకొని, నావికుల ద్వారా 'డంగరీ' అనే రూపంలో ప్రపంచమంతా తిరిగింది. నేడు కార్మికుల దుస్తులకే ఆ పేరు మిగిలి ఉన్నది. ఇటువంటి పేరు నేసినవానిని గాక ఓడ ఎక్కించినవానిని గుర్తుకు తెస్తుంది. 1498లో వాస్కో డ గామా చేరిన కోళిక్కోడు ప్రధానంగా ఒక రేవు. ఆ రేవులో అమ్మకానికి వచ్చిన బట్టలలో అధికభాగం ఇతర ప్రాంతాల మగ్గాలపై తయారైనది. మాధవాయిపాలెం సంగతి కొంత వేరు. అక్కడ వర్తకుల గిడ్డంగి చుట్టూ డెల్టా పల్లెలలో నిజంగానే మగ్గాలు ఉండేవి.

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో దిగారు. అంతకు అయిదారు సంవత్సరాల ముందే డచ్చివారు ఆ తీరంలో కాలు మోపి ఉన్నారు. మచిలీపట్నం నుండి ఉత్తరంగా గోదావరి పాయల వెంట మంచి నేత ఉన్నదని ఉభయులకూ త్వరలోనే తెలిసింది. మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షాం మాస్టరు 1679లో ఈ తీరప్రాంతపు వర్తకస్థానాలను తనిఖీ చేయడానికి బయలుదేరినప్పుడు మచిలీపట్నంతో పాటు మాధవాయిపాలెం కూడా వెళ్లినాడు. తరువాతి కాలంలో గోదావరి డెల్టాలో కంపెనీవారికి మూడు వర్తక ఏజెన్సీలు ఏర్పడినవి: ఇంజరం, బండారుమూర్లంక, మాధవాయిపాలెం. మూడింటిలో చివరిదే ముఖ్యమైనదని 1886లో వెలువడిన యూల్, బర్నెల్ పండితుల నిఘంటువు చెబుతున్నది. దాని అసలు పేరు మాధవయ్యపాలెమని ఆ నిఘంటువే వివరిస్తుంది.

అక్కడినుండి ఎగుమతి అయిన బట్టలో రంగులు లేవు, పూలు లేవు, జరీ లేదు. బందరు కలంకారికి, ఢాకా మస్లినుకు ఉన్న కీర్తి దానికి లేదు. వర్ణనలు సహజంగానే ఆ రెంటి చుట్టూ ఎక్కువగా అల్లుకొన్నవి. కాని ఓడలు నింపినది చాలావరకు ఈ సాదాబట్టే. ముప్పయి అయిదు, నలభై గజాల మధ్య పొడవుతో ఒకే తానుగా నేయడం వలన దీనికి 'లాంగ్‌క్లాత్' అని పేరు వచ్చింది. తెలుగు నేతపనివారు దాని నాణ్యాన్ని పుంజాలలో లెక్కించేవారు. పడుగులో ఎన్ని పుంజాల నూలు పట్టితే బట్ట అంత ఒత్తుగా ఉన్నట్లు. కంపెనీ లెక్కల పుస్తకాలలో కూడా 'పుంజం' అనే తెలుగు మాట అట్లాగే ప్రవేశించింది.

సాదా నేత అంటే చూపులకు అతి సులభమైనది. పేక పోగు ఒక పడుగు పోగు పైనుండి, మరొక దాని క్రిందినుండి దూరుతూ పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు పైది క్రిందిదవుతుంది, క్రిందిది పైదవుతుంది. అంతకు మించిన రహస్యమేమీ లేదు. కాని ప్రతి పోగును ప్రతి పోగూ పట్టుకొని ఉండే నేత ఇదొక్కటే. ఏ రెండు పోగుల నడుమా సడలు ఉండదు. కనుకనే బట్ట గట్టిగా ఉంటుంది. ఈ బలానికి ఒక మూల్యం ఉన్నది. మగ్గంపై పడుగు ఎల్లవేళలా బిగించి ఉంటుంది. నాడె దూరిన ప్రతిసారీ పడుగు పోగులు విడిపోవాలి, మళ్లీ కలియాలి, పలక దెబ్బ తినాలి. నాడెలోని పేకకు ఈ బాధ లేదు. అది మెత్తని నూలైనా సరిపోతుంది. పడుగు నూలు మాత్రం గట్టి పురితో, సమానమైన లావుతో ఉండి తీరాలి. సాదా బట్ట చరిత్రను పడుగు చరిత్ర అన్నా తప్పులేదు.

ఆ పడుగును సిద్ధం చేయడంలో నేత కుటుంబమంతా పాలుపంచుకొనేది. ఆసు పోయడం, పడుగును వీథి పొడవునా చాపి కట్టడం, గంజి పట్టించి కుంచెతో దువ్వడం, తెగిన పోగులు వెదికి అతకడం తెల్లవారుజామున ఎండ ముదరకముందే జరిగే పనులు. వాన వస్తే ఆనాటికి పని లేదు. నేసిన కోరాబట్టను చాకలివారు చలువ చేసిన తరువాత గాని అది ఓడకు పోదు. అయితే ఇదంతా నూలు చేతికి వచ్చిన తరువాతి కథ. ప్రత్తి దక్కను లోపలి నల్లరేగడి నేలలలో పండి, లంబాడీల ఎద్దులపై తీరానికి దిగేది. తిరుగు ప్రయాణంలో ఆ ఎద్దులు ఉప్పు మోసుకొని పోయేవి. దారిలో ఎక్కడో, లెక్కకు రాని ఇళ్లలో, ఆడవారి చేతుల్లో ఆ ప్రత్తి నూలయ్యేది.

ఇంగ్లండులో ఈ పని చేయగల చేతులు లేవు. ఇది అతిశయోక్తి కాదు. పద్దెనిమిదో శతాబ్ది మూడు పాదాలు గడిచేవరకు అక్కడ వడికిన ప్రత్తినూలు పేకకే పనికివచ్చింది. పడుగుగా బిగిస్తే తెగిపోయేది. అందువలన వారు నారనూలును పడుగుగా పెట్టి, ప్రత్తినూలును పేకగా దూర్చి మిశ్రమపు బట్ట నేసుకొనేవారు. అచ్చమైన నూలుబట్ట కావలసినవారు హిందూదేశపు బట్టనే కొనవలసి వచ్చేది, కొన్నారు కూడా. సేవకురాలి నుండి యజమానురాలి దాకా అందరూ దానినే తొడుగుతున్నారని, ఉన్ని, పట్టు నేసే స్వదేశీయుల నోట మట్టిపడుతున్నదని అక్కడ గగ్గోలు పుట్టింది. 1700లో పార్లమెంటు ఒక చట్టం చేసింది: తూర్పుదేశాలలో రంగులు అద్దిన నూలుబట్టలను ఇంగ్లండులో ధరించరాదు, వాడరాదు. తెల్లబట్ట దిగుమతికి మాత్రం ఆటంకం లేదు.

శాసనకర్తలు ఊహించనిది ఇక్కడే జరిగింది. లండను పరిసరాల అద్దకపువారు తెల్ల తానులను తెప్పించుకొని తామే అచ్చులు వేయసాగారు. రంగుబట్టను నిషేధించిన చట్టం సాదాబట్టకు గిరాకీ పెంచింది. దానితో లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టునేతగాండ్రు 1719లో వీథిన పడ్డారు. కాలికో తొడిగిన స్త్రీలు కనిపిస్తే వెంటపడి, సిరా, ఆమ్లం చల్లి, ఒంటి మీది బట్టలు చింపివేశారు. 'రాబిన్సన్ క్రూసో' ప్రకటించిన ఆ సంవత్సరమే డేనియల్ డిఫో ఈ నేతగాండ్ర పక్షాన ఒక పత్రిక నడిపి, కాలికోపై కలం ఝళిపించాడు. 1721లో రెండవ చట్టం వచ్చింది. 1722 క్రిస్మస్ నాటి నుండి అచ్చువేసిన కాలికోను, ఆ అచ్చు ఎక్కడ వేసినదైనా సరే, ధరించడం నేరమైంది. ఆకలితో ఉన్న నేతగాండ్రు వేరొక దేశపు నేతగాండ్రపై కాక దారిన పోయే ఆడవారిపై విరుచుకుపడటం ఆ ఉద్యమానికి మచ్చ. కాని వారి ఆకలి అబద్ధం కాదు. నూరు సంవత్సరాల తరువాత గోదావరి ఒడ్డున అదే ఆకలి కనిపించింది. అప్పుడు దానిని మాన్పడానికి ఏ పార్లమెంటూ చట్టం చేయలేదు.

ఇంగ్లండులో తొడగరాని బట్ట ఇంగ్లండు మీదుగా ఇతర దేశాలకు పోవచ్చును. అట్లా పోయిన దానిలో ఒక భాగం పశ్చిమ ఆఫ్రికాకు చేరింది. నీలిమందులో ముంచిన కోరమాండల్ లాంగ్‌క్లాత్‌కు ఆ తీరంలో 'గినీ బట్ట' అని పేరు. బానిస వ్యాపారులు మనుష్యులను కొన్నప్పుడు ఇచ్చిన సరకులలో హిందూదేశపు నూలుబట్ట ముఖ్యమైనది. పుదుచ్చేరి నీలిబట్ట పందొమ్మిదో శతాబ్దిలో కూడా సెనెగలులో జిగురు కొనుగోలుకు నాణెం వలె చెల్లింది. నేసిన వ్యక్తికి తన తాను దేనికి మారకమవుతున్నదో తెలియదు. అయినా మన నేత వైభవాన్ని కీర్తించే గ్రంథాలు ఈ అధ్యాయాన్ని దాటవేయడం న్యాయం కాదు.

పరిస్థితిని తలక్రిందులు చేసినది పడుగే. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటిబలంతో నడిచే వడుకుయంత్రానికి పేటెంటు పొందాడు. ఆ యంత్రం తీసిన నూలు మృదువైనది కాదు, సన్ననిది కాదు. కాని గట్టిది, పడుగుకు తగినది. 1773లో అతడూ అతని భాగస్వాములూ డార్బీ పట్టణంలో ఆ నూలుతో అచ్చమైన నూలుబట్ట నేయించారు. అప్పుడు వారికి అడ్డువచ్చినది తమ దేశపు పాతచట్టమే. 1774లో పార్లమెంటు దానిని సడలించి, స్వదేశంలో నేసిన నూలుబట్టకు అనుమతి ఇచ్చింది. గుర్తుగా అంచు పడుగులో మూడు నీలిపోగులు ఉండాలని నియమం పెట్టింది. తానుకు ఇరుప్రక్కలా ఉన్న ఆ మూడేసి నీలిపోగులు లేకపోతే బట్ట ఇంగ్లీషుదో గోదావరిదో తేల్చుకోవడం అధికారులకు కష్టమయ్యేదన్న మాట. అనుకరణ అంత దగ్గరగా వచ్చిందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

తరువాతి కథ అంకెలలో చాలామార్లు చెప్పబడినదే. 1814లో బ్రిటను నుండి హిందూదేశానికి వచ్చిన నూలుబట్ట 8,18,208 గజాలు. 1835 నాటికి అది 5,17,77,277 గజాలు. అదే కాలంలో ఇక్కడినుండి అక్కడికి పోయిన తానులు 12,66,608 నుండి 3,06,086కు దిగిపోయినవి. కంపెనీ వర్తక గుత్తాధికారం 1813లో పోయింది. 1833 చార్టరు చట్టంతో వర్తకమే మానుకొని, అది కేవలం పరిపాలక సంస్థ అయింది. మాధవాయిపాలెం ఏజెన్సీ కూడా ఆ సంవత్సరంతోనే ముగిసింది. ఆ మూసివేత గోదావరి మండలానికి మంచి కాలంలో రాలేదు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని పీల్చివేసిన నందన కరవు, 1839లో కోరంగిని ముంచిన తుపాను దానికి అటూ ఇటూ ఉన్నవి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనది 1847లో.

నేతపనివారు మౌనంగా ఊరుకోలేదు. కంపెనీ నౌకరుల నిర్బంధాలపై, ధరల తగ్గింపుపై ఉత్తర సర్కారుల నేతగాండ్రు పద్దెనిమిదో శతాబ్ది చివరి సంవత్సరాలలోను, పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాలలోను అర్జీలు పెట్టుకొన్నారు, మగ్గాలు ఆపారు, ఊళ్లు విడిచి పోయారు, తిరగబడ్డారు. ఆ అర్జీలు రికార్డులలో ఉన్నవి. చరిత్రకారులు వాటిని చదువుతున్నారు. పైగా నేత పూర్తిగా నశించలేదు. సీమ నూలు చవకగా దొరకడంతో దానినే పడుగు పేకలుగా పెట్టి అనేకులు మగ్గం నిలుపుకొన్నారు. మద్రాసు రాజధానిలో మగ్గాలు ఇరవయ్యో శతాబ్దిలోకి నడిచి వచ్చినవంటే కారణమిదే.

ఆ చవకనూలు ఎవరి పని తీసుకొన్నదో చెప్పే అర్జీలు చాలా తక్కువ. వడికేవారికి కులసంఘం లేదు, పేట లేదు, పెద్ద లేడు. వారు ప్రతి కులంలోను, ప్రతి పల్లెలోను చెదరి ఉన్న స్త్రీలు. చాలామంది వితంతువులు, వృద్ధులు. వారి సంఖ్యను లెక్కకట్టే ప్రయత్నం బీహారులో ఒకసారి జరిగింది. ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు కంపెనీ పనుపున 1811-12 ప్రాంతంలో పాట్నా, బీహారు జిల్లాలను పరిశీలించి, అక్కడ నూలు వడికే స్త్రీలు 3,30,426 మంది అని అంచనా వేశాడు. వీరిలో ఎక్కువమంది మధ్యాహ్నం వేళ కొన్ని గంటలు మాత్రమే వడుకుతారనీ, ప్రత్తి ఖరీదు పోగా ఒక్కొక్కరికి సంవత్సరానికి మిగిలేది మూడు రూపాయల పావలా అనీ అతడు లెక్క తేల్చాడు. మూడుంబావలా ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు. కాని ఆ రాబడి భూమి లేని ఇంటికి, మగదిక్కు లేని ఇంటికి కూడా చేరేది. షాహాబాదు జిల్లాలో మరి 1,59,500 మంది వడికే స్త్రీలు అతని లెక్కకు వచ్చారు. నేత ఇళ్లు మాత్రం అక్కడ ఏడు వేల చిల్లర. ఈ నిష్పత్తిని మనసులో ఉంచుకొంటే, ఒక మగ్గం వెనుక ఎన్ని రాట్నాలు తిరిగేవో, నూలు ఓడ దిగినప్పుడు ఎన్ని ఆగిపోయి ఉంటాయో తెలుస్తుంది.

బట్ట పోయినా పేరు పోలేదు. మాంచెస్టరు మిల్లులు తమ తెల్లబట్టకు పాతపేరే ఉంచుకొన్నవి, గిరాకీ పేరును బట్టి ఉంటుంది కనుక. 1886 నాటికి 'మదపోలం' ఇంగ్లండు నుండి హిందూదేశానికి వచ్చే ప్రధాన సరకులలో ఒకటి అయిందని యూల్, బర్నెల్ వ్రాశారు. కాలికో కంటె నాజూకు, మస్లిను కంటె మందం అని దాని గుణం కూడా చెప్పారు. మాధవాయిపాలెం పేరు గల బట్ట ఓడపై గోదావరి మండలానికి వచ్చి, అంగళ్లలో సీమబట్టగా అమ్ముడుపోయింది. ఆ అంగళ్లలో కొన్నవారికి ఆ పేరుతో పని లేదు. తెలుగువారు తమ మంచి పంచెకు 'గ్లాస్కో పంచె' అని స్కాట్లండు పట్టణం పేరు పెట్టుకొన్నారు. ఉత్తరాదివారు లాంగ్‌క్లాత్‌ను 'లఠ్ఠా' అన్నారు. అమెరికా నుండి వచ్చిన ముతక కోరాబట్టను 'మార్కీన్' అన్నారు. అమెరికన్ అనే మాటయే అట్లా అరిగిపోయింది. ఫ్రెంచివారు గోదావరి ఊరు పేరు చెప్పి బట్ట అడిగే కాలంలో గోదావరి రైతు గ్లాస్కో పేరు చెప్పి బట్ట అడిగినాడు.

ఇండియా ఆఫీసులో ఉద్యోగి అయిన ఫోర్బ్స్ వాట్సన్ 1866లో ఈ దేశపు బట్టల నమూనాలు ఏడు వందలు కత్తిరించి పద్దెనిమిది సంపుటాలుగా కూర్పించాడు. అటువంటి ప్రతులు ఇరవై తయారు చేయించి, పదమూడింటిని బ్రిటనులోని పట్టణాలకు, ఏడింటిని ఇక్కడికి పంపాడు. ఏ ప్రాంతపువారు ఏ పన్నా, ఏ ఒత్తు, ఏ అంచు గల బట్ట కడతారో బ్రిటిష్ మిల్లుదారులు చూసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇక్కడి నమూనా అక్కడి వర్తక మండలాల బల్లలపై పాఠ్యపుస్తకమైంది. నమూనా తీసుకొన్న నేతగాని పేరు మాత్రం ఆ సంపుటాల అవసరాలలో చేరలేదు.

పడుగు సమస్య మరొకసారి తలెత్తినది 1917 తరువాత, ఈసారి సబర్మతి ఆశ్రమంలో. గాంధీజీ అక్కడ మొదట నేయించినది మిల్లునూలునే. రాట్నం ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. బరోడా సంస్థానంలోని విజాపూరులో అటకలపై పడి ఉన్న రాట్నాలను గంగాబెన్ మజ్ముదార్ వెదికి పట్టిన సంగతి ఆయన ఆత్మకథలో ఉన్నది. తొలి ఖాదీ గజానికి పదిహేడణాలు పడింది. దాని పన్నా ముప్పయి అంగుళాలు, పంచెకు చాలదు. నెల రోజులలో నలభై అయిదు అంగుళాల పంచె నేయించకపోతే పొట్టిపంచె కట్టుకొని తిరుగుతానని గాంధీజీ హెచ్చరించాడు, గంగాబెన్ నేయించి ఇచ్చింది. తొలి సంవత్సరాలలో ఖద్దరు పేరిట అమ్మిన బట్టలో చాలావరకు పేక మాత్రమే చేతినూలు, పడుగు మిల్లునూలు. కొత్తగా వడకనేర్చిన చేతుల నూలు పడుగుకు ఆగేది కాదు. నూట యాభై ఏండ్ల క్రిందట ఇంగ్లండు ఉన్న చోటికే అప్పుడు హిందూదేశం వచ్చి నిలిచింది. ఈ మధ్యకాలంలో తెగిపోయినది యంత్రం కాదు, తల్లి నుండి బిడ్డకు వచ్చే పురి. అది తెగని చోట్లు కొన్ని మిగిలినవి. శ్రీకాకుళం ప్రాంతపు పొందూరులో స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, పడుగుకు పేకకు కూడా సన్నని గట్టి నూలు తీస్తూ వచ్చారు.

మాధవాయిపాలెం ప్రక్కన నరసాపురంలో మాత్రం రాట్నం తిరిగి రాలేదు. పందొమ్మిదో శతాబ్ది నడుమ గోదావరి మండలానికి వచ్చిన క్రైస్తవ మిషనరీల భార్యలు అక్కడి ఆడవారికి లేసు అల్లడం నేర్పారు. దానికి కావలసిన దారం మిల్లుది. అల్లిక సూది తప్ప మరే పనిముట్టూ అక్కరలేదు. క్రమంగా ఆ అల్లిక నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో వేలాది ఇళ్లకు వ్యాపించి, విదేశాలకు పోయే సరకైంది. జర్మను పండితురాలు మరియా మీస్ ఈ స్త్రీల మధ్య ఉండి పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. వంట, పిల్లలు, గొడ్డూగోదా చూసుకొంటూ వీరు రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆమె చూసింది. వ్యాపారుల లెక్కలోను, అధికారుల లెక్కలోను వారు పనివారు కారు; తీరిక వేళల్లో కాలక్షేపానికి ఏదో అల్లుకొనే గృహిణులు.